వాల్వుకు మళ్లీ ఇన్ఫెక్షన్ రాకుండా

గుండె వాల్వుకు ఒకసారి ఇన్ఫెక్షన్ వచ్చి నయమైనవారికి అది రెండోసారి వచ్చే ముప్పు మిగతావారికంటే ఎప్పటికీ ఎక్కువే. ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అని వైద్యులు పిలిచే ఈ జబ్బు నుంచి బయటపడ్డ ప్రతి 100 మందిలో 2 నుంచి 9 మందికి అది తిరగబెడుతుందని యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2023 మార్గదర్శకాలు లెక్కగట్టాయి. అంటే 90 మందికి పైగా అది మళ్లీ రాదు. ఈ రెండు సంగతులూ కలిపే గుర్తుంచుకోవాలి. మొదటిది మరిచినవారు పంటిని, జ్వరాన్ని నిర్లక్ష్యం చేస్తారు. రెండోది మరిచినవారు తుమ్ము వచ్చినా హడలిపోతారు.

పెన్సిలిన్ రాకముందు ఈ జబ్బు సోకినవారు బతికి బయటపడటం చాలా అరుదు. ప్రసిద్ధ సంగీతకర్త గుస్తావ్ మాలర్ 1911లో దీనితోనే చనిపోయారు. న్యూయార్క్‌లో ఆయన రక్తాన్ని కల్చర్ చేసి, అంటే అందులోని సూక్ష్మజీవులను ప్రయోగశాలలో పెంచి చూసి, స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా ఉందని తేల్చారు గానీ, దాన్ని చంపే మందు అప్పటికి ఎవరి దగ్గరా లేదు. నేడు మందులు ఉన్నాయి. అయితే మన దేశంలో ఈ జబ్బుతో ఆసుపత్రికి చేరేవారిలో చాలామంది రక్త కల్చర్‌లో ఏ సూక్ష్మజీవీ దొరకదు. పరీక్షకు ముందే ఎక్కడో ఒకచోట యాంటీబయోటిక్ పడిపోయి ఉండటం అందుకు ఒక పెద్ద కారణం. మాలర్ కాలంలో పరీక్ష ఉండి మందు లేకపోయింది, ఇప్పుడు మందు ముందుగా లోపలికి వెళ్లి పరీక్షను పాడు చేస్తోంది. తిరగబెట్టే ముప్పు గురించి తెలుసుకోవలసిన వాటిలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

అసలు లోపల జరిగేది

గుండెలో నాలుగు వాల్వులు ఉంటాయి. ఎక్కువగా దెబ్బతినేవి ఎడమవైపున ఉండే మైట్రల్, అయోర్టిక్ వాల్వులు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్లనో, పుట్టుకతో ఉన్న లోపం వల్లనో, వయసుతో పేరుకునే కాల్షియం వల్లనో వాల్వు పొర గరుకుబారితే, అక్కడ రక్తఫలకికలూ ఫైబ్రిన్ పోగులూ చేరి సన్నటి గడ్డ కడుతుంది. నోటి నుంచో చర్మం నుంచో రక్తంలోకి దిగిన బ్యాక్టీరియా ఆ గడ్డను పట్టుకుని పెరుగుతుంది. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) పరీక్షలో కనిపించే ఈ పెరుగుదలనే వెజిటేషన్ అంటారు. వాల్వు పొరలకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు కాబట్టి రక్షణ కణాలు అక్కడికి సరిగా చేరవు. నీళ్ల తొట్టి గోడకు పట్టిన పాచి, నీటిలో కలిపిన బ్లీచింగుకు లొంగనట్టే, గడ్డ అడుగున ఉన్న బ్యాక్టీరియా కూడా మందుకు త్వరగా లొంగదు. అందుకే మందు నరం ద్వారా నాలుగు నుంచి ఆరు వారాల పాటు ఎక్కించాలి. కృత్రిమ వాల్వుకు సోకితే కనీసం ఆరు వారాలు.

జ్వరం చాలామందికి మొదటి వారంలోనే దిగిపోతుంది, ఆకలి పుడుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. ఇక ఇంటికి పంపండని కుటుంబం తొందరపడేది సరిగ్గా అప్పుడే. ఆసుపత్రి ఖర్చు, పోయే కూలి, పొలం పనులు, పిల్లల చదువులు ఆ తొందరకు కారణాలు, అవన్నీ నిజమైన కష్టాలే. కానీ సగంలో ఆగిన కోర్సు తర్వాత అడుగున మిగిలిన బ్యాక్టీరియా మళ్లీ లేస్తుంది. పరిస్థితి నిలకడగా ఉన్న కొందరికి చివరి వారాల మందును మాత్రలుగా ఇవ్వవచ్చని డెన్మార్క్‌లో జరిగిన పోయెట్ అనే అధ్యయనం 2018లో చూపించింది. ఆ వెసులుబాటు ఎవరికి ఇవ్వాలో వైద్య బృందమే తేల్చాలి. మాత్రలతో ఇంటికి వచ్చినవారు ఒక్క పూట కూడా తప్పకుండా వాటిని వేసుకోవాలి.

తిరగబెట్టడం రెండు రకాలు

పాత బ్యాక్టీరియా పూర్తిగా చావక ఆరు నెలల లోపు తిరిగి తలెత్తడం ఒక రకం. వేరే సూక్ష్మజీవి కొత్తగా సోకడం, లేదా ఆ జాతిదే అయినా ఆరు నెలలు దాటాక మళ్లీ సోకడం రెండో రకం. పైకి రెండింటి లక్షణాలూ ఒకటే అయినా, కారణాలు వేరు కాబట్టి జాగ్రత్తలూ వేరు.

మొదటి రకంలో లోపం ఎక్కువగా చికిత్సలోనో శరీరంలోపలో ఉంటుంది. మందు తక్కువ రోజులు పడటం, కల్చర్‌లో ఏదీ దొరకక అంచనా మీద మందు ఇవ్వవలసి రావడం, వాల్వు చుట్టూ చీము గూడు కట్టడం, బ్యాక్టీరియా ఆ మందుకు లొంగని రకం కావడం లాంటివి. ఒక్కోసారి వాల్వు బాగుపడినా ఇన్ఫెక్షన్ వెన్నుపూసలోనో ప్లీహంలోనో చిన్న చీముగడ్డగా దాక్కుంటుంది. కోర్సు ముగిశాక నడుములో లోతైన నొప్పి తగ్గకుండా ఉంటే అది ఆసుపత్రి మంచం మీద పడుకున్న నొప్పేనని సరిపెట్టుకోకూడదు, స్కానింగ్ అడగాలి. పశువుల మధ్య బతికే కుటుంబాలకు మరో సంగతి. పచ్చిపాల ద్వారా, ఈనే పశువులకు సాయం చేసేటప్పుడు అంటుకునే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా కూడా వాల్వును పట్టగలదు. అది మామూలు కల్చర్‌లో త్వరగా బయటపడదు, దానికి వాడే మందులూ వేరు. ఇంట్లో పాడి ఉందన్న మాట వైద్యుడికి చెప్పి తీరాలి.

రెండో రకానికి కారణం, బ్యాక్టీరియా రక్తంలోకి దిగే దారి ఇంకా తెరిచే ఉండటం. పుచ్చిన పన్ను, డయాలిసిస్ గొట్టం, అదుపులేని షుగరుతో మానని పుండు, నరానికి ఎక్కించుకునే మత్తుమందులు అలాంటి దారులు. ఇన్ఫెక్షన్‌ను ఎంత బాగా నయం చేసినా, ఆ దారి మూయకపోతే అది మళ్లీ వస్తుంది. అందుకే మొదటిసారి దొరికిన బ్యాక్టీరియా పేరు తెలుసుకుని ఉంచుకోవడం అవసరం. విరిడాన్స్ స్ట్రెప్టోకోకస్ అయితే చూపు నోటి మీద పెట్టాలి. స్టెఫిలోకోకస్ ఆరియస్ అయితే చర్మం, సూదులు, గొట్టాలు వెతకాలి. ఎంటెరోకోకస్ అయితే మూత్రనాళం, పేగు. స్ట్రెప్టోకోకస్ గాలోలిటికస్ దొరికితే పెద్దపేగును కొలనోస్కోపీతో చూడాలి. ఆ బ్యాక్టీరియా కనిపించినవారిలో పేగులో కణితులు, ఒక్కోసారి క్యాన్సర్ కూడా బయటపడుతుంటాయి.

వాల్వు మార్చేశారు కాబట్టి ఇక భయం లేదని చాలామంది అనుకుంటారు. ఇది ప్రమాదకరమైన అపోహ. ఆపరేషన్ చెడిపోయిన కణజాలాన్ని తీసేసి ప్రాణం నిలుపుతుంది. కానీ పెట్టిన వాల్వు లోహంతో చేసినదైనా, జంతువు కణజాలంతో చేసినదైనా, బ్యాక్టీరియాకు అనువైన చోటే. కృత్రిమ వాల్వు ఉన్నవారిలో ఏడాదికి ప్రతి 1000 మందిలో 3 నుంచి 12 మందికి ఇన్ఫెక్షన్ వస్తుందని అంచనా. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో రూపొంది, 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్ర వాల్వు తక్కువ ధరకు దొరికి ఎందరికో ఆధారమైంది. అలాంటి లోహపు వాల్వు ఉన్నవారు రక్తం పలుచబరిచే మాత్ర గురించీ రక్తం ఎంత పలుచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష గురించీ బాగా శ్రద్ధ పెడతారు. నోటి శుభ్రం మీద కూడా అంతే శ్రద్ధ ఉండాలని వారికి చెప్పేవారు తక్కువ.

నోరు

పన్ను పీకించుకునేటప్పుడు మాత్ర వేసుకుంటే చాలన్న నమ్మకం పాక్షికంగానే నిజం. 2008లో అమెరికాలో పీటర్ లాక్‌హార్ట్ బృందం ప్రచురించిన పరిశోధనలో, యాంటీబయోటిక్ లేకుండా పన్ను తీసినవారిలో 60 శాతం మంది రక్తంలో ఎండోకార్డైటిస్ కలిగించే రకాల బ్యాక్టీరియా కనిపించింది. ముందుగా అమాక్సిసిలిన్ వేసుకున్నవారిలో అది 33 శాతం. కేవలం బ్రష్ చేసుకున్నవారిలో 23 శాతం. పన్ను తీయించుకోవడం ఎన్నేళ్లకో ఒకసారి. బ్రష్ చేయడం రోజుకు రెండుసార్లు, నమలడం అంతకంటే ఎక్కువసార్లు. చిగుళ్లు వాచి రక్తం కారే నోటిలో ప్రతి నమలుడూ బ్యాక్టీరియాను రక్తంలోకి నెడుతుంది. కాబట్టి అసలు రక్షణ గట్టి చిగుళ్లలో ఉంది, మాత్ర దానికి తోడు మాత్రమే.

రోజూ ఉదయం, రాత్రి పడుకునే ముందు మెత్తని బ్రష్‌తో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోవాలి. మన ఇళ్లలో రాత్రి బ్రష్ చేసే అలవాటు ఇంకా తక్కువ, నిజానికి ఎక్కువ ఉపయోగపడేది అదే. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి పంటిపొరను అరగదీస్తాయి. వేపపుల్లతో తోమడం అలవాటైనవారు దాని నార చిగురును గీరకుండా చూసుకోవాలి, బ్రష్‌కు మారడం ఇంకా మేలు. పళ్ల సందుల్లో పిన్నీసుతో, అగ్గిపుల్లతో పొడుచుకోవడం పూర్తిగా మానాలి. గుట్కా, ఖైనీ చిగుళ్లను తినేస్తాయి. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని కొందరు బ్రష్ చేయడమే ఆపేస్తారు. రక్తం రావడం చాలావరకు చిగుళ్ల జబ్బుకు గుర్తు, ఆపితే అది ముదురుతుంది. ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవారిలో అది ఐఎన్ఆర్ హద్దు దాటిందన్న సూచన కూడా కావచ్చు కాబట్టి ఆ పరీక్షా చేయించాలి.

నొప్పి లేకపోయినా ఆరు నెలలకోసారి దంతవైద్యుడికి చూపించుకోవాలి. వాల్వు ఆపరేషన్ ముందుగా నిర్ణయమై ఉంటే, పుచ్చిన పళ్ల పని అంతకుముందే పూర్తి చేయించుకోవడం మంచిది. పన్ను తీయించేటప్పుడు రక్తం పలుచబరిచే మాత్రను సొంతంగా ఆపడం వాల్వు మీద గడ్డకు దారితీసి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ నిర్ణయం కార్డియాలజిస్టుకే వదలాలి.

పంటి పనికి ముందు వేసుకునే మాత్ర

గతంలో ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవారు, కృత్రిమ వాల్వు ఉన్నవారు, కొన్ని రకాల పుట్టుకతో వచ్చే గుండె లోపాలు ఉన్నవారు అత్యధిక ముప్పు ఉన్నవారి జాబితాలోకి వస్తారు. చిగురును కదిలించే పనులకు, అంటే పన్ను తీయడం, స్కేలింగ్, రూట్ కెనాల్, ఇంప్లాంట్ లాంటి వాటికి ముందు వీరికి ఒక్క మోతాదు యాంటీబయోటిక్ ఇవ్వాలని అమెరికా, యూరప్ గుండె సంఘాలు రెండూ చెబుతున్నాయి. సాధారణంగా పెద్దలకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పని మొదలవడానికి అరగంట నుంచి గంట ముందు, ఒకేసారి. మరిచిపోతే పని అయిన రెండు గంటల లోపు కూడా వేసుకోవచ్చు. ఎక్స్‌రే తీయడానికి, బ్రేసెస్ బిగించడానికి, పాలపళ్లు ఊడటానికి ఇది అక్కర్లేదు. పెన్సిలిన్ పడనివారికి సెఫలెక్సిన్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్‌లలో ఒకటి వైద్యుడు ఎంచుతారు. ఒకప్పుడు వాడిన క్లిండామైసిన్‌ను ఇక వద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో చెప్పింది.

ఈ మాత్ర అసలు అవసరమా అన్న వాదన లేకపోలేదు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2008లో దీన్ని ఎవరికీ వద్దంది. 2016లో ఆ వాక్యాన్ని సవరించి, అందరికీ మామూలుగా ఇవ్వనవసరం లేదని మెత్తబరిచింది. ఒకసారి ఈ జబ్బు పడినవారి విషయంలో ఆ వాదన కోసం ఆగాల్సిన పని లేదు. ఒక్క మోతాదు వల్ల కలిగే నష్టం స్వల్పం, రెండోసారి ఇన్ఫెక్షన్ వస్తే జరిగేది అపారం.

మన రాష్ట్రాల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. రుమాటిక్ గుండె జబ్బు ఉన్నవారు మూడు వారాలకోసారి బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకుంటుంటారు. ఆ ఇంజెక్షన్ పడుతోంది కదా, పంటికి వేరే మందు ఎందుకు అనుకుంటారు. ఆ ఇంజెక్షన్ రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా చూసేది. పంటి పని సమయంలో రక్తంలోకి దిగే బ్యాక్టీరియాను ఆపడానికి అది చాలదు. పైగా ఏళ్ల తరబడి పెన్సిలిన్ వాడేవారి నోటిలో దానికి లొంగని బ్యాక్టీరియా పెరిగి ఉండవచ్చు. అందుకే వీరికి మరో కుటుంబానికి చెందిన మందు ఎంచడం పరిపాటి. ఇంజెక్షన్ సంగతి దంతవైద్యుడికి చెప్పకపోతే ఆ ఎంపికే జరగదు.

చర్మం, సూదులు

నీరసంగా ఉందని ఒక బాటిల్ సెలైన్ పెట్టించుకోవడం ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లోనూ పట్టణాల్లోనూ మామూలైపోయింది. వాల్వు ఇన్ఫెక్షన్ వచ్చినవారు దీన్ని పూర్తిగా మానుకోవాలి. నరంలో పెట్టే ప్రతి క్యానులా చర్మం మీది స్టెఫిలోకోకస్‌కు ఒక ద్వారం, అది కలిగించే ఎండోకార్డైటిస్ అన్నింటికంటే ఉధృతమైనది. నోటితో తాగగలిగిన మనిషికి ఓఆర్ఎస్ చాలు. ఆసుపత్రిలో నిజంగానే సూది అవసరమైనప్పుడు, అది ఎప్పటిదాకా ఉంచాలో అడగాలి. ఆ చోటు ఎర్రబడినా, నొప్పి పుట్టినా వెంటనే తీయమనాలి. రక్తం పలుచబరిచే మందు వాడేవారికి కండలో వేసే ఇంజెక్షన్ల వల్ల లోపల రక్తం కారి గడ్డగా పేరుకునే ప్రమాదమూ ఉంది.

సెగగడ్డలను చిదమకూడదు. షుగరు ఉన్నవారు మడమల పగుళ్లు, వేళ్ల సందుల్లో ఒరుపు, చెప్పు కరిచిన పుండ్లు రోజూ చూసుకోవాలి. పచ్చబొట్లు వద్దు. చెవులు, ముక్కు కుట్టించే ఆచారం దగ్గర కుటుంబాలు ఇబ్బంది పడతాయి. గుండె లోపం ఉన్న ఆడపిల్ల విషయంలో దీన్ని వాయిదా వేయడమో, కార్డియాలజిస్టును అడిగి శుభ్రమైన వైద్య వాతావరణంలో చేయించడమో మేలు. డయాలిసిస్ చేయించుకునేవారు మెడ దగ్గరి గొట్టం బదులు చేతిలో రక్తనాళాలను కలిపే ఫిస్టులా పెట్టించుకోవడం గురించి త్వరగా మాట్లాడాలి, గొట్టంతో పోలిస్తే ఫిస్టులాకు ఇన్ఫెక్షన్ ముప్పు చాలా తక్కువ.

జ్వరం వచ్చినప్పుడు

ఈ జబ్బు ఒకసారి వచ్చినవారి జ్వరం మామూలు జ్వరం అని ఎవరూ ఊహతో తేల్చకూడదు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, జలుబు లాంటి స్పష్టమైన కారణం కనబడకపోతే, ఆరోజే కార్డియాలజిస్టుకు ఫోన్ చేయాలి. వేడి తగ్గడానికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. యాంటీబయోటిక్ మాత్రం రక్త కల్చర్ తీసిన తర్వాతే. మెడికల్ షాపులో ఇచ్చే మూడు రోజుల అజిత్రోమైసిన్, ఆర్ఎంపీ వేసే రెండు ఇంజెక్షన్లు వాల్వు మీది ఇన్ఫెక్షన్‌ను నయం చేయవు. జ్వరాన్ని వారం పదిరోజులు అణచివేసి, కల్చర్‌లో బ్యాక్టీరియా దొరకకుండా చేస్తాయి. ఆ వారంలో వాల్వు ఇంకాస్త దెబ్బతింటుంది. మంచి ఉద్దేశంతో ఇచ్చే ఆ మాత్రను సున్నితంగానైనా గట్టిగా వద్దనడం రోగి నేర్చుకోవలసిన మొదటి పాఠం.

కల్చర్‌కు కనీసం మూడుసార్లు, వేర్వేరు నరాల నుంచి, మధ్యలో కాస్త వ్యవధి ఇచ్చి రక్తం తీస్తారు. ఒక్కోసారి దాదాపు 20 మిల్లీలీటర్లు తీసేసరికి ఇంత రక్తమా అని బంధువులు గాబరా పడటం సహజం. శరీరం దాన్ని సులువుగా పూడ్చుకుంటుంది, తక్కువ రక్తం తీస్తే బ్యాక్టీరియా దొరికే అవకాశమే తగ్గుతుంది. ఛాతీ మీది నుంచి తీసే ఎకోలో ఏమీ కనబడకపోయినా అనుమానం బలంగా ఉంటే, అన్నవాహిక ద్వారా గొట్టం పంపి తీసే టీఈఈ అవసరమవుతుంది. కృత్రిమ వాల్వు ఉన్నవారికి దాదాపు ఎప్పుడూ ఇదే నమ్మదగినది.

జ్వరం అంతగా లేకుండా కూడా ఈ జబ్బు రావచ్చు, ముఖ్యంగా వృద్ధుల్లో. రాత్రిళ్లు ఒళ్లు తడిసేలా చెమట, తగ్గుతున్న బరువు, చచ్చిన ఆకలి, కొత్తగా మొదలైన ఆయాసం, వేలి కొసల్లో నొప్పిగా లేచే చిన్న బొడిపెలు, గోళ్ల కింద పుల్ల గుచ్చుకున్నట్టు సన్నని నల్ల గీతలు గమనించాలి. మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే వెజిటేషన్ ముక్క మెదడుకు చేరిందేమోనని అనుమానించాలి. ఆ స్థితిలో ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉంచకూడదు. వాల్వు ఇన్ఫెక్షన్ చరిత్ర ఉందని అత్యవసర విభాగంలో మొదటి మాటగా చెప్పాలి. మామూలు పక్షవాతానికి ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఈ జబ్బులో మెదడులో రక్తస్రావం తెచ్చే ప్రమాదం ఉంది. ఇలా పరిస్థితి విషమించినప్పుడు కల్చర్ రక్తం తీసిన వెంటనే మందు మొదలుపెడతారు, రిపోర్టు కోసం ఆగరు.

మొదటి ఏడాది

మందు కోర్సు ముగిసిన రోజు ఎకో తీయించి, ఆ రిపోర్టు భద్రపరచాలి. తర్వాత తీసే ప్రతి ఎకోను దానితోనే పోల్చుతారు. మామూలుగా 1, 3, 6, 12 నెలలకు పరీక్షకు వెళ్లాలి. తిరగబెట్టే ముప్పు మొదటి నెలల్లోనే ఎక్కువ కాబట్టి, బాగానే ఉన్నానని మొదటి రెండు సందర్శనలు ఎగ్గొట్టడం ఏమాత్రం మంచిది కాదు. ఊరు దూరమైతే ఆ తేదీలను ముందే రాసిపెట్టుకుని, బస్సు ఖర్చు, సెలవు, తోడు వచ్చేవారు అన్నీ ముందుగా ఏర్పాటు చేసుకోవాలి.

శరీరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. మెట్లెక్కితే అలసట, నిద్రపట్టకపోవడం, మళ్లీ వస్తుందేమోనన్న దిగులు చాలామందిలో ఉంటాయి. అవి బలహీనత లక్షణాలు కావు, ప్రాణాంతకమైన జబ్బు నుంచి బయటపడ్డ మనిషిలో ఉండేవే. రోజుకు పదిసార్లు ఒళ్లు తాకి చూసుకోవడం దిగులును పెంచుతుంది. మొదటి కొన్ని వారాలు సాయంత్రం ఒక్కసారి థర్మామీటరుతో కొలిచి పుస్తకంలో రాసుకుంటే, మిగతా రోజంతా ఆ ఆలోచన పక్కన పెట్టవచ్చు. వైద్యుడు చెప్పిన మేరకు నడక మొదలుపెట్టి క్రమంగా పెంచుకోవాలి. దిగులు వారాల తరబడి వదలకపోతే దాన్ని కూడా వైద్యుడితో చెప్పి చికిత్స తీసుకోవాలి.

పర్సులో ఒక చిన్న కార్డు ఉంచుకోవాలి. దాని మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇన్ఫెక్షన్ వచ్చిన సంవత్సరం, అప్పుడు దొరికిన బ్యాక్టీరియా పేరు, ఏ వాల్వు, మార్చి ఉంటే ఏ రకం పెట్టారు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందులు, కార్డియాలజిస్టు ఫోన్ నంబరు రాయాలి. అడుగున ఒక వాక్యం: జ్వరం ఉంటే యాంటీబయోటిక్ ఇచ్చే ముందు రక్త కల్చర్ తీయండి. అదే వివరాల ఫొటో జీవిత భాగస్వామి ఫోనులోనూ, పెద్ద పిల్లల ఫోనులోనూ ఉండాలి. పని కోసం గల్ఫ్‌కో, చదువు కోసం అమెరికాకో వెళ్లేవారు ఇంగ్లీషు ప్రతితో పాటు చివరి ఎకో రిపోర్టునూ వెంట తీసుకెళ్లాలి.